ఆకాశం ముందు, నేల తర్వాత: ల్యాండ్‌స్కేప్‌లో మబ్బు, వాన, ఎండ వేయడం ఎలా

బొమ్మలు వేయడం మొదలుపెట్టిన కొత్తలో చెట్లు, కొండలు, ఇళ్లు అన్నీ శ్రద్ధగా వేసి, పైన మిగిలిన ఖాళీని చివర్లో నీలంతో నింపేసేవాణ్ని. బొమ్మ ఎప్పుడు చూసినా అతుకులబొంతలాగే ఉండేది. చెట్టుకు కుడివైపు ఎండ, ఇంటికి ఎడమవైపు ఎండ, ఆకాశంలో మాత్రం సూర్యుడి జాడే లేదు. లోపం చేతిలో లేదు, వేసే వరసలో ఉందని తెలిసేసరికి బోలెడు కాగితాలు పాడయ్యాయి. ఆరుబయట వెలుతురంతా పైనుంచే వస్తుంది. నేల మీద ఏది ఏ రంగులో కనబడాలో అదే తేలుస్తుంది. అందుకే ముందు ఆకాశం వేసి, దాన్ని చూసుకుంటూ నేల వేయాలి. కింద చెప్పబోయే మెట్లన్నీ ఆ వరసలోనే ఉంటాయి.

వాటర్ కలర్, ఆయిల్, అక్రిలిక్ దేనికైనా ఆలోచన ఒకటే. చెయ్యి నడిపే పద్ధతిలో తేడా వచ్చినచోట విడిగా చెబుతాను.

1. ఇరవై నిమిషాల స్కెచ్‌లు

ఇంగ్లండ్ చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్ 1821, 1822 సంవత్సరాల్లో లండన్ పక్కనే ఉన్న హాంప్‌స్టెడ్‌లో కూర్చుని వరసపెట్టి ఆకాశాలు వేశాడు. కాగితం మీద ఆయిల్ రంగులతో, గబగబా వేసినవి. వాటిలో చాలావాటికి నేలే ఉండదు, ఉత్త మబ్బులే. కాగితం వెనక తేదీ, వేళ, గాలి ఎటునుంచి వీస్తోంది, ఆ తర్వాత వాన పడిందా లేదా అని రాసుకునేవాడు. అంతకు ఇరవై ఏళ్ల ముందే, 1802లో, ల్యూక్ హవర్డ్ అనే వాతావరణ ఔత్సాహికుడు మబ్బులకు క్యుములస్, స్ట్రాటస్, సిరస్ అని పేర్లు పెట్టాడు. మనం ఇవాళ్టికీ అవే వాడుతున్నాం. పేరు తెలిస్తే కన్ను తొందరగా పట్టుకుంటుంది, అందుకే ఈ మూడూ గుర్తుంచుకోండి: కుప్పగా పోసినట్టుండేది క్యుములస్, దుప్పటి పరిచినట్టుండేది స్ట్రాటస్, ఈకల్లా చాలా ఎత్తున ఉండేది సిరస్.

మీరూ అదే పని చేయండి. నోటుపుస్తకం పేజీలో సగమంత కాగితం, మూడు రంగులు, ఇరవై నిమిషాలు. పెన్సిల్ పట్టుకునే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. అన్నిటికంటే వెలుగ్గా ఉన్న చోటు ఏది? అన్నిటికంటే చీకటిగా ఉన్న చోటు ఏది? మబ్బులు ఎటు కదులుతున్నాయి?

మబ్బు ఆగదు కదా, ఎలా వేయాలి అని అందరూ అడుగుతారు. దాని వెంట పరుగెత్తకూడదు. మొదటి రెండు నిమిషాల్లో ఆకారం, వెలుగు పడుతున్న వైపు పెన్సిల్‌తో పట్టేయండి. ఆ తర్వాత మబ్బు ఎంత మారినా మీ గీత మార్చకండి. రంగు మాత్రం అప్పుడు ఎదురుగా ఉన్న మబ్బును చూసే కలపండి, ఎందుకంటే ఆకారం మారినంత త్వరగా రంగు మారదు. ఇలా ఓ ముప్ఫై వేస్తే తర్వాత ఇంట్లో కూర్చుని వేసే పెద్ద బొమ్మకు అవే ముడిసరుకు.

ఫోన్‌లో ఫొటో తీసుకోవచ్చు గానీ దాన్నే నమ్ముకోవద్దు. కెమెరా ఆకాశానికి సర్దుకుంటే నేల నల్లబడుతుంది, నేలకు సర్దుకుంటే మబ్బులు తెల్లకాగితంలా పోతాయి. మబ్బు నీడలో ఉండే ఊదా, పసుపు జాడల్ని మింగేస్తుంది. ఫొటోను ఆకారం కోసం వాడుకోండి, రంగు కోసం మీ స్కెచ్ చూడండి.

2. హొరైజన్ ఎక్కడ, సూర్యుడు ఎక్కడ

నేల, ఆకాశం కలిసే గీతను కాగితానికి సరిగ్గా నడుమ పెట్టకండి. ఆకాశం గురించి చెప్పాలనుకుంటే గీత కిందికి, నేల గురించి అయితే పైకి. 17వ శతాబ్దపు డచ్ చిత్రకారుడు యాకబ్ ఫాన్ రాయిస్‌డాల్ హార్లెమ్ ఊరిని దూరం నుంచి వేసిన చిత్రాల్లో దాదాపు మూడింట రెండు వంతులు ఆకాశమే. ఊరు కింద చిన్న గీతలా ఉంటుంది. అయినా బొమ్మ ఖాళీగా అనిపించదు. మబ్బుల సందుల్లోంచి పడే ఎండ కింద పొలాల్లో కొన్నిచోట్లే మెరుస్తుంది, మన చూపు ఆ మెరుపుల వెంటే ఊరిదాకా పోతుంది.

తర్వాత సూర్యుడు ఎక్కడున్నాడో తేల్చుకోండి. బొమ్మలో కనబడకపోయినా సరే, కాగితం అంచు బయట చిన్న బాణం గుర్తు పెట్టి ఉంచండి. నాకిది ఇప్పటికీ అలవాటే. మబ్బు నీడ వేసేటప్పుడు, చెట్టు నీడ వేసేటప్పుడు ఆ బాణం వంక ఒకసారి చూస్తే చాలు.

ఇక టోన్. ఇక్కడ తొందరపడితే తర్వాత ఎంత మంచి రంగు వేసినా లాభం లేదు. టోన్ అంటే రంగుతో పనిలేకుండా ఒక చోటు ఎంత వెలుగ్గా, ఎంత చీకటిగా ఉందనేది. కళ్లు చిట్లించి చూస్తే చిన్నచిన్న వివరాలు మాయమై నాలుగైదు పెద్ద ముక్కలే మిగులుతాయి. అగ్గిపెట్టెంత గడి గీసి, ఒక్క పెన్సిల్‌తో ఆ ముక్కలు నింపండి. మామూలు పగటిపూట వరస ఇలా ఉంటుంది: అన్నిటికంటే వెలుగు ఆకాశం, తర్వాత చదును నేల, ఆ తర్వాత ఏటవాలు కొండ, చివరికి నిలువుగా నిలబడ్డ చెట్లు. వెలుతురు పైనుంచి పడుతోంది కాబట్టి వెల్లకిలా పడుకున్న నేలకు ఎక్కువ అందుతుంది, నిలబడిన చెట్టుకు తక్కువ.

ఈ వరస తప్పే సందర్భాలూ ఉన్నాయి. మంచు కప్పిన నేల, కారుమబ్బు ముందు ఎండపడిన తెల్లగోడ. అవి అంత ఆకట్టుకునేది కూడా వరస తప్పడం వల్లే.

3. నీలం అంటే ఒక్క రంగు కాదు

గాలిలోని అణువులు పొట్టి తరంగాల వెలుతురును, అంటే నీలాన్ని, పొడుగు తరంగాలకంటే ఎక్కువగా చెదరగొడతాయి. మనకు ఆకాశం నీలంగా కనబడేది అందుకే. నెత్తిమీద చూసినప్పుడు మధ్యలో ఉండే గాలి తక్కువ, నీలం ముదురు. హొరైజన్ వైపు చూసినప్పుడు చూపు చాలా మందమైన గాలిని దాటాలి. అక్కడ వెలుతురు మళ్లీమళ్లీ చెదిరి తెల్లబడుతుంది. అందుకే పైన ముదురు, కింద లేత.

ఇంతవరకు చాలామందికి తెలుసు. వదిలేసేది ఇంకోటుంది: ఆకాశం అడ్డంగా కూడా మారుతుంది. సూర్యుడున్న వైపు లేతగా, కాస్త వెచ్చగా ఉంటుంది. సూర్యుడికి లంబకోణంలో, అంటే 90 డిగ్రీల దూరంలో, నీలం బాగా ముదురు. ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఈ మార్పు చూపించారంటే మబ్బు ఒక్కటి లేకపోయినా అది ఆకాశంలాగే ఉంటుంది. లేదంటే గోడకు సున్నం వేసినట్టే.

రంగుల సంగతి. అల్ట్రామెరిన్ కాస్త ఊదాకు మొగ్గుతుంది, పైభాగానికి బాగుంటుంది. కోబాల్ట్ నడిమి భాగానికి. సెరూలియన్ ఆకుపచ్చకు మొగ్గే లేత నీలం, కింది భాగానికి. హొరైజన్ దగ్గర చిటికెడు యెల్లో ఆకర్ (మట్టి పసుపు), లేదా పలచటి గులాబీ. థాలో బ్లూ జోలికి పోతే ఆవగింజంతే తీసుకోండి, అది పాలెట్ (రంగులు కలిపే పలక) మొత్తాన్ని మింగేసే రకం. ట్యూబు మీద కంపెనీ పెట్టిన పేరు కన్నా అందులోని రంగుపొడి కోడ్ (పి.బి. అంటే పిగ్మెంట్ బ్లూ) చూడటం నయం: పి.బి.29 అల్ట్రామెరిన్, పి.బి.28 కోబాల్ట్, పి.బి.35 సెరూలియన్, పి.బి.15 థాలో. 'స్కై బ్లూ' అని రాసి ఉన్న ట్యూబులో ఏముందో కోడే చెబుతుంది. రంగు నిలబడుతుందా అన్నది చిన్న విషయం కాదు. యూరప్‌లో పాతకాలపు చిత్రకారులు స్మాల్ట్ అనే నీలి గాజుపొడి వాడేవారు. నూనెలో కలిపి వేసిన ఆ నీలం చాలాచోట్ల కాలక్రమంలో బూడిదరంగులోకి దిగిపోయింది. ఆ చిత్రాల్లో ఇప్పుడు మబ్బుపట్టినట్టున్న ఆకాశం కొన్నిసార్లు అసలు నీలిరంగు ఆకాశమే.

వాటర్ కలర్‌లో: 300 జి.ఎస్.ఎమ్ దళసరి కాగితం బోర్డుకు అంటించి, బోర్డు పైవైపు ఓ పుస్తకం ఎత్తు పెట్టండి. అవసరం అనుకున్నదానికి రెట్టింపు రంగునీళ్లు ముందే కలిపిపెట్టుకోండి, సగంలో అయిపోతే ఆ గీత జన్మలో పోదు. రెండంగుళాల బ్రష్‌తో ఒక అంచు నుంచి రెండో అంచుకు ఒక్క దెబ్బలో లాగండి. కింద చేరిన నీటి పూసను తర్వాతి దెబ్బతో అందుకోండి, కిందికి వచ్చేకొద్దీ నీళ్లు పెంచండి. వెనక్కి వెళ్లి సరిచేయకండి. ఆరాక రంగు తేలిపోతుంది కాబట్టి తడిమీద కాస్త ఎక్కువే అనిపించాలి.

ఆయిల్‌లో: తెలుపుతో కలిపిన మూడు కుప్పలు, ముదురు, నడిమి, లేత. పట్టీలుగా పెట్టి, గుణకారం గుర్తులాంటి పొట్టి దెబ్బలతో కలపండి. మెత్తటి బ్రష్‌తో అదేపనిగా నున్నగా చేస్తే సైన్‌బోర్డు అవుతుంది. దెబ్బలు కొంచెం కనబడటమే అందం. అక్రిలిక్ త్వరగా ఆరిపోతుంది, స్ప్రే సీసాతో నీటి తుంపర కొడుతూ అదే పద్ధతి.

4. దూదిమబ్బు

అసలు ఆట ఇక్కడే. క్యుములస్ మబ్బు వేయడం వస్తే మిగతావన్నీ దానికి చుట్టాలే.

మొదట దాని కట్టడం అర్థం చేసుకోవాలి. వేడిగాలి పైకి లేచి, ఒకానొక ఎత్తులో చల్లబడి, అందులోని తేమ నీటి బిందువులుగా మారినచోట మబ్బు మొదలవుతుంది. ఆ ఎత్తు చుట్టుపక్కల అన్నిచోట్లా ఇంచుమించు ఒకటే. అందుకే దూదిమబ్బులన్నిటి అడుగులూ చదునుగా, ఒకే ఎత్తులో ఉంటాయి. కనబడని గాజుపలక మీద కుప్పలు పోసినట్టు ఊహించుకోండి. మనం ఆ పలక కింద నిలబడి చూస్తున్నాం.

ఈ ఒక్క ఊహతో పర్‌స్పెక్టివ్, అంటే దగ్గర, దూరాల తేడా, మొత్తం వచ్చేస్తుంది. నెత్తిమీది మబ్బు పెద్దది, దాని అడుగు బాగా కనబడుతుంది. దూరం పోయేకొద్దీ మబ్బు చిన్నదవుతుంది, అడుగు సన్నని గీత అవుతుంది, మబ్బుల మధ్య సందులు తగ్గి ఒకదానికొకటి ఒరుసుకుంటాయి. పెన్సిల్‌తో ఆకాశంలో పైనుంచి కిందికి దగ్గరవుతూ వచ్చే అడ్డగీతలు లేతగా గీసుకుని, మబ్బుల అడుగుల్ని వాటిమీద కూర్చోబెట్టండి. కొత్తవాళ్ల బొమ్మల్లో నాకు ఎక్కువగా కనబడే తప్పు ఇదే: ఒకే సైజు దూదిపింజెలు, ఒకే ఎడంతో, అటెన్షన్‌లో నిలబడి ఉంటాయి.

రెండోది వెలుగు, నీడ. మబ్బును బంతుల గుత్తిలా చూడండి. ప్రతి బంతికీ సూర్యుడి వైపు వెలుగు, అవతల నీడ. కానీ ప్రతి బంతినీ విడివిడిగా షేడింగ్ చేశారంటే కాలీఫ్లవర్ తయారవుతుంది. ముందు మబ్బు మొత్తానికి ఒకే పెద్ద నీడ, ఒకే పెద్ద వెలుగు. లోపలి బంతులు ఆ తర్వాత, అదీ రెండో మూడో. శుద్ధమైన తెలుపును ఒక్క మబ్బుకే, అదీ ఒక్క కొసకే దాచుకోండి. మిగతా తెల్లలన్నీ కాస్త పసుపో, కాస్త బూడిదో కలిసినవే.

నీడ రంగుకు అల్ట్రామెరిన్‌లో బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమరంగు) కలిపితే మంచి బూడిదరంగు వస్తుంది. నీలం ఎక్కువైతే చల్లగా, సియెన్నా ఎక్కువైతే వెచ్చగా. నల్లరంగు ట్యూబు వాడితే మబ్బు మసి పట్టినట్టవుతుంది, నాకైతే నచ్చదు. మబ్బు అడుగు మీద నేలనుంచి ఎగసిన వెలుతురు పడుతుంది కాబట్టి అక్కడ చిన్న వెచ్చటి జాడ పెట్టవచ్చు. మంచి ఎండపూట కళ్లు చిట్లించి చూడండి, చాలాసార్లు మబ్బు నీడా, పక్కనున్న నీలమూ ఇంచుమించు ఒకే టోన్‌లో కలిసిపోతాయి. మనం అనుకున్నంత నలుపు ఆ నీడలో ఉండదు.

మూడోది అంచు. ఎండపడిన పైకొస గట్టిగా, కత్తిరించినట్టు ఉంటుంది. నీడవైపు మెత్తగా నీలంలోకి జారిపోతుంది. గాలికి చెదిరే వైపు పీలికలు పీలికలుగా ఉంటుంది. ఒకే మబ్బులో ఈ మూడు అంచులూ ఉండాలి. అన్నీ గట్టివైతే అట్టముక్క, అన్నీ మెత్తనివైతే పొగ.

వాటర్ కలర్‌లో నేను చేసే వరస చెబుతాను. మబ్బు పైకొసలు రావాల్సినచోట కాగితం పొడిగా వదిలేస్తాను. దాని చుట్టూ నీలం వేస్తాను, పొడి కాగితం మీద అంచు దానంతటదే గట్టిగా వస్తుంది. వెంటనే శుభ్రమైన తడి బ్రష్‌తో ఆ అంచును రెండుమూడు చోట్ల మాత్రం తాకి కరిగిస్తాను. మబ్బు కిందిభాగం తడిపి, కాగితం మెరుపు తగ్గేలోపు బూడిదరంగు వదులుతాను, అది తనంతట తాను పాకుతుంది. తెలుపు ఇంకా కావాలంటే టిష్యూ ముక్క నలిపి అద్దవచ్చు. ప్రతి అద్దుకీ టిష్యూ తిప్పకపోతే అచ్చు గుద్దినట్టు ఒకేలాంటి మబ్బులు వస్తాయి.

ఆ మెరుపు సంగతి నాకు గట్టిగా తగిలింది. ఓసారి పెద్ద షీటు మీద ఆకాశం అనుకోకుండా చాలా బాగా కుదిరింది. కింద మూలన మాత్రం చిన్న మరక. 'ఇదొక్కటీ సర్దేద్దాం' అని తడి బ్రష్ ముట్టించాను. అప్పటికే కాగితం మెరుపు పోయి సగం ఆరింది. చూస్తుండగానే ఆ తాకినచోట నీళ్లు రంగును తోసుకుంటూ వెళ్లి, చుట్టూ ముళ్లకంపలాంటి అంచుతో ఓ పువ్వు విచ్చుకుంది. ఇంకో బ్రష్‌తో దాన్ని సర్దబోతే ఇంకో పువ్వు. మరక ఉన్న బొమ్మ కాస్తా పూలతోట అయింది. సగం ఆరిన కాగితం మీద, కాగితం కంటే తడిగా ఉన్న బ్రష్ పెట్టకూడదు. పెట్టాల్సి వస్తే చిక్కటి రంగు, పిండిన బ్రష్. లేదా పూర్తిగా ఆరేదాకా చేతులు కట్టుకుని కూర్చోవడం.

ఆయిల్‌లో వరస తిరగబడుతుంది. నీలం పలచగా, దానిమీద నీడ ఆకారం, ఆఖర్న వెలుగు మందంగా. ఎండపడిన కొస మీద రంగు దళసరిగా ఉంటే గదిలోని వెలుతురు కూడా దానిమీద పడి నిజంగానే మెరుస్తుంది.

దూరపు మబ్బుల విషయంలో ఒక చిక్కు. దూరం పోయేకొద్దీ అంతా నీలం అవుతుందని నేర్చుకుంటాం. చీకటి కొండకు అది నిజమే, మధ్యలోని గాలి నీలపు తెర కడుతుంది. తెల్లటి మబ్బుకు మాత్రం తిరగబడుతుంది. దాని నుంచి వచ్చే తెల్లని వెలుతురు దారిలో నీలాన్ని పోగొట్టుకుని మనదాకా వచ్చేసరికి వెచ్చబడుతుంది. కాబట్టి హొరైజన్ దగ్గరి ఎండమబ్బుల్లో కాస్త పసుపో గులాబీయో కలపండి. కొండ నీలం, దాని వెనక మబ్బు మీగడ రంగు. బొమ్మ ఒక్కసారిగా పది మైళ్లు లోపలికి వెళుతుంది.

సూర్యుడు మబ్బు వెనక ఉంటే లెక్క మళ్లీ మారుతుంది. దళసరిగా ఉన్న నడిమి భాగం చీకటి, పలచటి అంచులు వెలుగు.

సిరస్, స్ట్రాటస్ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. సిరస్ మంచు పలుకుల మబ్బు, దానికి నీడ వేయకండి. తడి నీలంలోంచి పిండిన బ్రష్‌తో రంగు ఎత్తేస్తే, లేదా ఆరిన ఆయిల్ మీద పొడిబ్రష్‌తో తెలుపు లాగితే చాలు. గీతలు ఒకే దిక్కుకు సాగాలి. స్ట్రాటస్ ఉన్న రోజు ఆకాశం ఒకే బూడిదరంగు అనిపిస్తుంది గానీ, సూర్యుడు దాగిన చోట ఓ లేత మచ్చ తప్పక ఉంటుంది. ఆ మచ్చ పెట్టి, కింద నీడలు తీసేయండి.

5. గాలివాన

ఒక సాయంత్రం మేడ మీద నిలబడి వాన రావడం చూశాను. పడమట మబ్బు పేరుకుంటోంది. నల్లగా ఉందనే అనుకున్నాను. చేతిలో నల్ల పెన్సిల్ ఉంది, దాన్ని చాచి మబ్బు పక్కన పెట్టి చూస్తే మబ్బు ఎంత లేతగా ఉందో! ఉక్కు రంగు, అందులో ఊదా, అడుగున పసుపు కలిసిన బూడిద. హొరైజన్ మీద మాత్రం సన్నటి వెలుగు పట్టీ మిగిలింది. ఇంకా ఎండ తగులుతున్న ఓ తెల్ల నీళ్లట్యాంకు ఆ మబ్బు ముందు లైటు వెలిగించినట్టు మెరిసింది. రెండు నిమిషాలకు ట్యాంకు మీంచి ఎండ పోయింది. మబ్బు అదే, రంగు అదే, కానీ భయం సగం తగ్గిపోయింది. అప్పుడు అర్థమైంది, కారుమబ్బును నల్లగా చూపించేది దాని కింద మెరిసే వస్తువేనని.

కాబట్టి తుఫాను ఆకాశానికి రంగు చిక్కబరచడం కంటే, ఎండ తగిలే చోటు ఒక్కటి ఎంచుకోవడం ముఖ్యం. ఆ తెలుపును ముందే కాపాడుకోండి. మబ్బును తడిమీద తడిగా, పెద్ద బ్రష్‌తో, రెండుమూడు బూడిదరంగుల్ని కాగితం మీదే కలవనిస్తూ వేయండి. పాలెట్‌లో పూర్తిగా కలిపేస్తే చచ్చుగా ఉంటుంది.

దూరంగా పడే వాన మబ్బు అడుగు నుంచి నేలదాకా వేలాడే తెరలా కనబడుతుంది. తడిగా ఉన్న మబ్బు రంగును వెడల్పాటి పొడి బ్రష్‌తో కిందికి, గాలి వాలున ఒక్కసారి లాగండి. తెర వెనకున్న కొండ తేలిపోవాలి. వాలు బొమ్మంతా ఒకటే ఉండాలి, చెట్ల ఒంపు కూడా దానికి ఒప్పాలి. వాన కుడికి వాలి, చెట్లు ఎడమకు ఊగితే చూసేవాడికి కారణం తెలియకపోయినా ఏదో తేడా కొడుతుంది.

దగ్గరి వానకు రెండు దారులున్నాయి. జపాన్ చిత్రకారుడు హిరోషిగే 1857 నాటి ముద్రణలో వంతెన మీద ఒక్కసారిగా కురిసిన వానను సన్నని గీతలతో చూపించాడు, పైన నల్లమబ్బును ముదురు నుంచి లేతకు జారే సిరాతో. డచ్ చిత్రకారుడు వాన్ గో 1887లో దాన్ని ఆయిల్‌లో మళ్లీ వేసుకున్నాడు. రెండో దారి ఇంగ్లండ్ చిత్రకారుడు టర్నర్‌ది. 1844 నాటి 'రెయిన్, స్టీమ్ అండ్ స్పీడ్' చిత్రంలో చినుకు గీతలు వెతకనక్కర్లేదు. వంతెన, రైలు, నది అన్నీ తడిగాలిలో కరిగిపోతుంటే వానలో మనమే తడిసినట్టుంటుంది. గీతల దారి ఎంచుకుంటే గీతలు సన్నగా, తక్కువగా ఉండాలి. తెల్లపెన్నుతో వంద గీతలు కొట్టిన వాన నాకు గీరిన సీడీలా కనబడుతుంది.

మెరుపును ఇంగ్లిష్ జెడ్ అక్షరంలా గీయకండి. నిజం మెరుపు చెట్టువేరులా కొమ్మలు వేస్తుంది, సన్నగా ఉంటుంది, చుట్టూ మబ్బును లోపలినుంచి వెలిగిస్తుంది. పహాడీ (హిమాలయ కొండప్రాంతాల) సూక్ష్మచిత్రాల్లో నల్లమబ్బు మీద బంగారు రంగుతో పాములా మెలికలు తిరిగే మెరుపు ఉంటుంది, కింద తెల్లకొంగల బారు. అది ప్రకృతిని నకలు చేయడం కాదు, అయినా ఆ నలుపు మీద ఆ తెల్లచుక్కల ఎత్తుగడ చూసి నేర్చుకోదగ్గదే.

6. పొగమంచు

దీనికి రంగులు తక్కువ, ఓపిక ఎక్కువ. దూరానికి నాలుగు పొరలు అనుకోండి. అన్నిటికంటే వెనకది దాదాపు ఆకాశం రంగే, ప్రతి ముందు పొరా ఒక మెట్టు ముదురు. దగ్గరి చెట్టుకు మాత్రమే గట్టి అంచు. పొరల అడుగుల్ని శుభ్రమైన నీళ్లతో కరిగించండి, మంచు పల్లంలో ఎక్కువ పేరుకుంటుంది.

ఫ్రాన్స్ చిత్రకారుడు క్లోద్ మోనే 1899 నుంచి 1901 వరకు మూడుసార్లు లండన్ వెళ్లి థేమ్స్ నది మీది మంచును, పొగను వేశాడు. వెలుగు మారగానే చేతిలోని కాన్వాసు పక్కన పెట్టి, ఆ వెలుగుకు సరిపోయే ఇంకో కాన్వాసు తీసేవాడు. మనకు అన్ని కాన్వాసులు కుదరకపోవచ్చు, ఒకే కాగితాన్ని నాలుగు గడులుగా విడదీసి గంటకో గడి వేసుకోవచ్చు.

7. హరివిల్లు

ఇది రంగుల కంటే లెక్కల పని. సూర్యుడు సరిగ్గా మీ వెనకుంటాడు. విల్లు నడిమి బిందువు మీ తల నీడ పడే దిక్కున ఉంటుంది. అక్కడినుంచి 42 డిగ్రీల దూరంలో విల్లు. చెయ్యి చాచి వేళ్లు విప్పితే బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొసదాకా సుమారు 20 డిగ్రీలు, అంటే విల్లు దాదాపు రెండు జానల దూరంలో ఉంటుంది. సూర్యుడు 42 డిగ్రీల కంటే ఎత్తున ఉంటే నేలమీద నిలబడినవాళ్లకు విల్లే కనబడదు. కాబట్టి మిట్టమధ్యాహ్నపు పొట్టి నీడలు, హరివిల్లు ఒకే బొమ్మలో కుదరవు. అలాగే విల్లు మొత్తం వెడల్పు 84 డిగ్రీలదాకా పోతుంది, మామూలు బొమ్మలో పట్టదు. ఒక కాలు మాత్రం వేయడం మేలు. ఇల్లంత విల్లు పూర్తిగా వేస్తే అది బొమ్మల పుస్తకం అవుతుంది.

ఎరుపు బయటివైపు, ఊదా లోపలివైపు. విల్లు లోపలి ఆకాశం బయటికంటే వెలుగ్గా ఉంటుంది, ఇది వేస్తేనే విల్లు అతికించినట్టు ఉండదు. రెండో విల్లు వస్తే దాని రంగుల వరస తలకిందులు, రెండిటి మధ్యా ఆకాశం చీకటి. ఇంగ్లండ్ చిత్రకారుడు జాన్ ఎవెరెట్ మిలే 1856 నాటి 'ది బ్లైండ్ గర్ల్' చిత్రంలో మొదట రెండు విల్లులకూ ఒకే వరస వేసి, తప్పు తెలిశాక మళ్లీ సరిచేయాల్సి వచ్చింది. అంతటివాడికే తప్పలేదు.

8. సంజవేళ

నీలం కిందికి పసుపు దింపితే మధ్యలో పాచిరంగు వస్తుంది. ఇది అందరికీ వచ్చే టెన్షనే. మందు తేలిక: రెండిటి మధ్య పలచటి గులాబీ పట్టీ పెట్టండి. వాటర్ కలర్‌లో అయితే వెచ్చటి రంగులు ముందు వేసి, పూర్తిగా ఆరాక, పైనుంచి నీలం దింపి గులాబీలో ఆపేయండి.

సూర్యబింబాన్ని చిన్నదిగా వేయండి. ఆకాశంలో అది అర డిగ్రీయే, చాచిన చేతి చిటికెనవేలి గోరులో సగం. మనసు దాన్ని పళ్లెమంత చేస్తుంది, చెయ్యి మనసు మాట వింటుంది. బింబం లేత పసుపే, ఎరుపంతా చుట్టూ. మబ్బుల్లో ఎరుపు కిందివైపు పడుతుందని మర్చిపోకండి, వెలుగు ఇప్పుడు కిందినుంచి వస్తోంది. ఒక్కసారి వెనక్కి కూడా తిరగండి. తూర్పున హొరైజన్ మీద బూడిద నీలపు పట్టీ, దానిమీద గులాబీ పట్టీ లేస్తుంటాయి. ఆ నీలపు పట్టీ భూమి నీడ. దాన్ని వేసేవాళ్లు తక్కువ.

సమయం ఉండదు కాబట్టి పేస్టల్ (రంగు సుద్దముక్కలు) నయం. 1883లో క్రాకటోవా అగ్నిపర్వతం పేలాక చాలా నెలలపాటు ప్రపంచమంతా సంజలు వింతగా ఎర్రబడ్డాయి. విలియం ఆస్‌క్రాఫ్ట్ అనే చిత్రకారుడు లండన్‌లో వాటిని పేస్టల్‌తో వందల కొద్దీ వేశాడు, ఒకే సాయంత్రం మారుతున్న ఆకాశాన్ని వరసగా కాగితం తర్వాత కాగితం. సుద్దముక్కలు ఆరక్కర్లేదు మరి.

9. ఇప్పుడు నేల

ఆకాశం ఆరాక బోర్డు దూరంగా పెట్టి చూడండి. అందులో వాడిన బూడిదరంగు పాలెట్‌లో ఇంకా ఉందా? దాన్నే కొంచెం కొంచెంగా కొండలో, గడ్డిలో, గోడ నీడలో కలపండి. నేల, ఆకాశం ఒకే ఇంటివాళ్లయిపోతాయి. మబ్బుల రోజున నీడలు లేకుండా, రంగులు నిండుగా. ఎండ రోజున నీడలు గట్టిగా, వాటిలో ఆకాశపు నీలం. విడివిడి మబ్బులుంటే పొలం మీద మబ్బు నీడల్ని అడ్డంగా పరచండి. ఎక్కడ నీడ వేస్తే చూపు మీరు చెప్పిన చోట ఆగుతుందో అక్కడ.

నీళ్లు ఉంటే ఆకాశం రెండోసారి వేయాలి. దూరపు నీరు హొరైజన్ దగ్గరి లేత ఆకాశాన్ని, మన కాళ్ల దగ్గరి నీరు పై ఆకాశాన్ని చూపిస్తుంది. అందుకే చెరువు మన వైపు ముదురుగా ఉంటుంది. తెల్లమబ్బు నీటిలో ఒక మెట్టు మసకబారుతుంది, చీకటి చెట్టు ఒక మెట్టు లేతబడుతుంది. వాన వెలిసిన రోడ్డు మీదైతే ప్రతిబింబాలు నిలువుగా సాగాలి. అడ్డంగా పొడిబ్రష్‌తో రెండు గీతలు లాగితే రోడ్డు తడిగా కనబడుతుంది. అక్కడ ఆకాశంలో లేని రంగు కనబడితే, ఎంత బాగున్నా సరే, తడి ఆరకముందే తుడిచేయండి.